మైకు పట్టిన భవాని

కాలేజీలో సీటు వచ్చిందని తెలిసిన రోజు భవాని ఇంటి దగ్గర్నుంచి మార్కెట్ యార్డు దాకా పరుగెత్తుకుంటూ వెళ్లింది.

మామూలుగా ఆమె పరుగెత్తే మనిషి కాదు. అడుగు చూసుకుని అడుగు వేస్తుంది. రోడ్డు దాటాలంటే అటు చూసి, ఇటు చూసి, మళ్లీ అటు చూసి, ఇంకెవరైనా దాటుతుంటే వాళ్ల వెనకాలే దాటుతుంది. ఆ రోజు చున్నీ భుజం మీంచి జారి నేల మీద ఈడ్చుకుపోతున్నా చూసుకోలేదు. లారీ డ్రైవరొకడు గట్టిగా బ్రేకు వేసి, తిట్టడానికి తల బయటపెట్టి, ఆమె మొహంలో నవ్వు చూసి ఏమీ అనకుండానే తల లోపలికి తీసుకున్నాడట.

యార్డు గేటు పక్కనే వాళ్ల నాన్న గురులింగప్ప దుకాణం. గోనె సంచులు, సుతిలి తాడు ఉండలు, పశువుల పగ్గాలు అమ్ముతాడు. కూతురు రొప్పుతూ వచ్చి గల్లాపెట్టె పట్టుకుని నిలబడేసరికి ఇంట్లో ఏదో జరిగిందనుకుని లేచాడు.

"ఏమైంది బిడ్డా? అవ్వకు మంచిగనే ఉందా?"

"అప్పా... నేను..." ఆమెకు ఊపిరి అందలేదు. "దేవరాజ్ సార్ ఫోన్ చేసిండు. నేను కాలేజ్ పోత!"

దుకాణం ముందు బస్తాలు ఎత్తుతున్న హమాలీలు ఆగి చూశారు. వాళ్లందరికీ భవాని తెలుసు. ఇరవై రెండేళ్లొచ్చినా యార్డులో అందరూ ఆమెను 'చిన్నపిల్ల' అనే అంటారు. సిద్దప్ప అనే ముసలి హమాలీ తలపాగా తీసి గాల్లో తిప్పాడు. గురులింగప్ప మాత్రం చేతిలో ఉన్న సుతిలి ఉండను అటూ ఇటూ తిప్పుతూ, "మంచిది బిడ్డా, మంచిది" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు.

వాళ్లది మా ఎదురిల్లే. తాతల కాలంలో బీదర్ వైపు నుంచి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడ్డారు. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. తల్లిని అవ్వ అని, తండ్రిని అప్ప అని పిలుస్తారు. భవాని పుట్టినప్పటి నుంచీ నేను ఎరుగుదును. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. పట్నంలో పెద్ద దవాఖానలో చూపిస్తే, పిల్లకు మేధోవైకల్యం ఉంది, అన్నీ నేర్చుకుంటుంది గానీ నెమ్మదిగా నేర్చుకుంటుంది అన్నారు. తల్లి మహాదేవమ్మ ఆ 'గానీ' అనే మాటనే మోసుకుంటూ ఇంటికి వచ్చింది.

బళ్లో కొన్నేళ్లు చివరి బెంచీ మీద కూర్చుంది. తర్వాత పట్నంలో ప్రత్యేక పాఠశాల హాస్టల్లో చేర్చారు. చిన్న చిన్న వాక్యాలు చదవడం, చిల్లర చూసి ఇవ్వడం, కొవ్వొత్తులు పోయడం అక్కడే నేర్చుకుంది. అక్కడివాళ్లు మంచివాళ్లు. ఏం చేసినా 'వెరీ గుడ్' అనేవాళ్లు. కొవ్వొత్తి నిటారుగా వచ్చినా వెరీ గుడ్, వంకరగా వచ్చినా వెరీ గుడ్. పద్దెనిమిదేళ్లు నిండాక ఆ బడి కూడా అయిపోయింది. ఇంటికి వచ్చేసింది. బియ్యం ఏరడం, దుకాణంలో కూర్చోవడం, సాయంత్రం టీవీలో కబడ్డీ చూడడం. ఆ కబడ్డీ అంటే మాత్రం ప్రాణం. ఎవరు గెలిచినా చప్పట్లు కొట్టేది. వాళ్లింటి కేకలు మా ఇంట్లోకి వినిపించేవి.

మా ఊరి డిగ్రీ కాలేజీలో నిరుడు రెండేళ్ల కొత్త కోర్సు ఒకటి మొదలైంది. భవానిలాంటి యువతీ యువకులను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టకుండా, మామూలు విద్యార్థుల మధ్యే కూర్చోబెట్టి చదివించే కోర్సు. పాఠం అదే, చెప్పే తీరు వేరు. రాయలేకపోతే నోటితో చెప్పవచ్చు, బొమ్మలతో చూపించవచ్చు. ఒక్కొక్కరికీ అదే తరగతిలోని విద్యార్థి ఒకరు తోడు. చివర్లో విశ్వవిద్యాలయం సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని పట్టుబట్టి తెచ్చినవాడు జర్నలిజం చెప్పే దేవరాజ్ సార్.

ఇంటర్వ్యూలో ఆయన భవానిని అడిగాడు: "నీకు ఏం చేసుడు ఇష్టం?"

భవాని చాలాసేపు ఆలోచించింది. పక్కన కూర్చున్న తల్లి "టైలరింగ్ అను" అని గొణిగింది.

"మాట్లాడుడు," అంది భవాని.

మహాదేవమ్మ తల దించుకుంది. ఒక్కో మాటకూ మధ్య ఆగి ఆగి మాట్లాడే పిల్ల, 'శ' అనలేక 'స' అనే పిల్ల, మాట్లాడడం ఇష్టమంటోంది! దేవరాజ్ సార్ మాత్రం బల్ల మీద చెయ్యి కొట్టి, "అయితె నా క్లాసుకే రావాలె" అన్నాడు.

సీటు వచ్చిన సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. గుమ్మంలో నిలబడి నేనూ విన్నాను.

"నవ్వుతరండి పోరగాండ్లు. మనకెందుకు?" అంది మహాదేవమ్మ.

"నవ్వనీ. ఇంట్ల కూసుంటె మాత్రం ఎవలు నవ్వుతలేరు?" అన్నాడు గురులింగప్ప.

భవాని అప్పటికే సంచిలో పెన్నులు సర్దుకుంటోంది.

మొదటిరోజు తరగతి గుమ్మం దగ్గర ఆమెకోసం సుష్మ నిలబడి ఉంది. ఝరాసంగం దగ్గరి పల్లెటూరి పిల్ల, బీఏ మొదటి సంవత్సరం. రోజూ షేర్ ఆటోలో ఇరుక్కుని వస్తుంది. దేవరాజ్ సార్ అడిగితే తోడుగా ఉంటానని తనే ముందుకొచ్చింది.

"రా అక్కా, మన బెంచి గదే," అంది సుష్మ.

భవాని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నిన్నే అక్కా. నాకన్న పెద్దదానివి గద."

ఆ రాత్రి అన్నం తింటూ భవాని ఇంట్లో చెప్పిన మొదటి సంగతి పాఠం గురించి కాదు. "నన్ను అక్కా అన్నది" అని. మహాదేవమ్మ పొద్దున్నే మా ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెబుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

చదువు సాగింది. వార్త అంటే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది అని చెప్పడమే కదా. సుష్మ వాటికి బొమ్మలు గీసి అట్టముక్కల మీద అంటించింది. భవాని వాటిని చేతిలో పెట్టుకుని ఇంట్లో వార్తలు చెప్పడం మొదలుపెట్టింది. "ఎవరు? అవ్వ. ఎక్కడ? వంటింట్ల. ఏమైంది? పాలు పొంగినయ్." వీధిలో మాకందరికీ ఆమె పుణ్యమా అని కొత్త వార్తలు తెలిసేవి. ఆలస్యంగా తెలిసేవి, కానీ తప్పు లేకుండా తెలిసేవి అని నేనను. ఒకసారి మా గేదె ఈనిందని వీధంతా చాటింది. ఈనింది పక్కింటి గేదె.

రెండో సెమిస్టరులో ప్రాక్టికల్ వచ్చింది. జనవరిలో మా కాలేజీ మైదానంలో అంతర్ కళాశాలల కబడ్డీ పోటీలు. జర్నలిజం విద్యార్థులందరూ వంతులవారీగా మైకులో వ్యాఖ్యానం చెప్పాలి. దానికి మార్కులు. ఆ మాట వినగానే భవాని బెంచీ మీంచి లేచి నిలబడిందట. కబడ్డీ! మైకు!

తరగతిలో వ్యాఖ్యానానికి పెట్టింది పేరు వికాస్. రాయికోడ్ కుర్రాడు. మైకు చేతికొస్తే ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. వాళ్ల మండలంలో ఏ ఆటలపోటీ జరిగినా అతన్నే పిలుస్తారు. సాధనకోసం రెండు సెక్షన్ల కుర్రాళ్లతో ఆట పెట్టి, ఒక్కొక్కరికీ మైకు ఇస్తుంటే, అతను అదరగొట్టి కూర్చున్నాడు. ఆ వెంటనే భవాని వంతు.

ఆమె వికాస్‌లాగే చెప్పాలనుకుంది. అంత వేగంగా, అంత గట్టిగా. "కూతకు వచ్చిండు వచ్చిండు పోతున్నడు పట్... పట్ట... కాలు..." మాటలు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిపోయాయి. ఆటగాడు వెళ్లాడు, వచ్చాడు, ఇంకొకడు వెళ్లాడు, ఆమె ఇంకా మొదటివాడి కాలు దగ్గరే ఉంది. వెనక బెంచీల వాళ్లు నవ్వారు. ఎవరో ఆమె గొంతును అనుకరించారు కూడా. భవాని మైకు సుష్మ చేతిలో పెట్టి గేటువైపు నడిచి వెళ్లిపోయింది.

"సార్, పోటీలకు బయటి కాలేజీలోళ్లు వస్తరు. జర ఆలోచన చేయండ్రి," అన్నాడు వికాస్. వెటకారంగా అనలేదు. నిజంగానే భయపడి అన్నాడు.

"ప్రాక్టికల్ అందరికుంది," అన్నాడు దేవరాజ్ సార్. "ఎట్ల చెప్తదో ఆమె ఇష్టం."

భవాని ఇంటికొచ్చి సంచిని అల్మారా మీద పెట్టేసింది. మర్నాడు కాలేజీకి వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. టీవీలో కబడ్డీ వస్తుంటే కట్టేసింది. మహాదేవమ్మ మా అరుగు మీద కూర్చుని, "ఇగ చాలక్కా. సదివినంత సదివింది. దాని మనసు ఇరగ్గొట్టుడు నాకిష్టం లేదు" అంది.

ఆదివారం పొద్దున సుష్మ వచ్చింది. పొలంలో తెంపిన కందికాయలు సంచినిండా పట్టుకొచ్చింది. మహాదేవమ్మ వాటిని ఉప్పేసి ఉడకబెట్టింది. ముగ్గురూ వాకిట్లో కూర్చుని వలుచుకుని తింటున్నారు. నన్నూ పిలిస్తే వెళ్లి కూర్చున్నాను.

"అక్కా, నువ్వు పోయినంక సార్ మనిద్దర్ని జోడీ ఏసిండు. నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే ఏం చెప్పాలె?" అంది సుష్మ.

భవాని కాయ వలుస్తోంది.

"వాళ్లు నవ్విన్రని ఫికర్ చేస్తున్నవా?"

"వికాస్ లెక్క నాకు రాదు," అంది భవాని చివరికి.

"రాకుంటె రాకపోనీ. నాక్కూడ రాదు."

భవాని ఇంకో కాయ అందుకుంది, సుష్మ కూడా అందుకుంది. సుష్మలో నాకు నచ్చిన గుణం ఇదే. భవాని ఆలోచిస్తున్నప్పుడు మధ్యలో మాట అందించదు. ఊరికే కాయలు తింటూ కూర్చుంటుంది.

"టీవీల ఇద్దరుంటరు," అంది భవాని.

"ఆఁ, ఉంటరు."

"ఒకాయన మస్తు మాట్లాడతడు. ఉరుకుతడు. ఇంకొకాయన జరంత మాట్లాడతడు. నిమ్మలంగ." కాయ పక్కన పెట్టి, వేలితో తనను చూపించుకుంది. "నేను జరంత ఆయన."

సుష్మ నోట్లోని గింజ మింగడం మరిచిపోయింది. "అరే! నేను ఉరుకుత, నువ్వు నిమ్మలంగ చెప్తవు! గంతేనా?"

"గంతే."

సుష్మ లేచి ఆమెను గట్టిగా పట్టుకుని ఊపేసింది. కందికాయల గిన్నె బోర్లాపడింది. మహాదేవమ్మ తిడుతూ నవ్వుతూ ఏరుకుంది. భవాని లోపలికి వెళ్లి, స్టూలు వేసుకుని, అల్మారా మీది సంచి దింపింది.

ఇక సాధన. ఆట ఎక్కడ దొరుకుతుంది? గురులింగప్ప దుకాణం ముందే దొరికింది. లారీలోకి బస్తాలు ఎక్కుతున్నాయి. సుష్మ ఖాళీ సీసాను మైకులా పట్టుకుని మొదలుపెట్టింది.

"సిద్దప్ప వంగిండు, బస్తా అందుకున్నడు, ఒక్క ఊపుల వీపు మీదికి ఎక్కిచ్చిండు, లారీ చెక్క పలక మీద కాలు పెట్టిండు, ఎక్కుతున్నడు, ఎక్కుతున్నడు..."

సుష్మ మోచేత్తో మెల్లగా తాకింది. భవాని వంతు.

"బరువుంది," అంది భవాని.

హమాలీలు గొల్లుమన్నారు. బస్తా కింద ఉన్న సిద్దప్ప కూడా నవ్వబోయి, "నవ్విచ్చకు బిడ్డా, పడిపోత!" అని అరిచాడు.

"సిద్దప్ప నవ్వుతుండు," అంది భవాని సీసాలోకి, గంభీరంగా. "పడడు. మంచిగ పట్టిండు."

మొదట్లో సుష్మ మోచెయ్యి తాకించేదాకా భవాని నోరు తెరిచేది కాదు. నాలుగైదు సాయంత్రాలు గడిచేసరికి ఆ అవసరం పోయింది. సుష్మ మాటలు ఎక్కడ పల్చబడతాయో ఆమెకు తెలిసిపోయింది. సరిగ్గా అక్కడ తన ఒక్క మాట పెట్టేది. ఒకరోజు పగ్గం కొనడానికి వచ్చిన మొగుడంపల్లి రైతు పగ్గం సంగతి మరిచి అలాగే నిలబడిపోయాడు. గురులింగప్పా అమ్మడం మరిచాడు.

పోటీల రోజు మా వీధి సగం మైదానంలోనే ఉంది. ఎర్రమట్టి మీద నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీశారు. గోడల మీద కుర్రాళ్లు, చుట్టూ ఆడపిల్లలు, ఒక పక్క షామియానా. మహాదేవమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. గురులింగప్ప కూర్చోలేక వెనకాల అటూ ఇటూ తిరుగుతున్నాడు.

సెమీఫైనల్ మా కాలేజీకీ, సంగారెడ్డి నుంచి వచ్చిన జట్టుకూ. మొదటి సగం వికాస్ చెప్పాడు. దడదడలాడించాడు. విరామం తర్వాత మైకు భవాని, సుష్మలది. ఇచ్చేటప్పుడు వికాస్ ఒక్క క్షణం ఆగి, భవాని చేతిలో మైకును కాస్త కిందికి వంచాడు. "నోటికి దూరం పట్టు. లేకుంటె గాలి కొడ్తది," అన్నాడు.

"సరే," అంది భవాని.

సుష్మ మొదలుపెట్టింది. "సంగారెడ్డి ఆటగాడు కూతకు వచ్చిండు, ఎడమ దిక్కు పోతున్నడు, కాలు చాపిండు, మనోళ్లు వెనక్కి జరిగిన్రు..."

మహాదేవమ్మ వేళ్లు నా చేతిలోకి దిగబడ్డాయి.

"భయపెట్టిండు," అంది భవాని.

ఎక్కడో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కానీ ఆ నవ్వు వేరే రకం. ఆటగాడు నిజంగానే మా వాళ్లను భయపెట్టి, ఎవరినీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

తర్వాతి కూత. మా అఖిలేష్ వెళ్లాడు. సుష్మ ఉరికింది. "అఖిలేష్ మూలకు పోయిండు, చెయ్యి విసిరిండు, తిరిగిండు, ముగ్గురు చుట్టుముడుతున్నరు..."

"ఉరుకు అఖిలేష్!" అంది భవాని.

అది వ్యాఖ్యానం కాదు. కానీ మైదానంలో అందరూ మనసులో అనుకుంటున్న మాట అదే. అఖిలేష్ ఉరికాడు. పాయింటు తెచ్చాడు. జనం ఈలలు వేశారు. అక్కడ్నుంచి ప్రతి కూతకూ సుష్మ మాట ఆగగానే జనం చెవులు రిక్కించి భవాని మాటకోసం చూడడం నాకు కనిపించింది. "కాలు పట్టిన్రు." "ఇడిసిపెట్టిన్రు. అయ్యో." "ఆయనకు దెబ్బ తాకింది, నీళ్లియ్యండ్రి." నీళ్లు పట్టుకుని నిజంగానే ఒకతను పరుగెత్తాడు.

ఆట చివరికొచ్చింది. మా వాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. అఖిలేష్ కూతకు వెళ్లాడు. ముగ్గురు ఒక్కసారిగా మీద పడ్డారు. వాళ్లను ఈడ్చుకుంటూ, పాకుతూ, మధ్యగీత వైపు చెయ్యి చాపాడు. జనమంతా లేచి నిలబడ్డారు. సుష్మ చెప్పడం మరిచి తనూ వేళ్ల మీద లేచి చూస్తోంది.

"ముట్టిండు!" అని భవాని అరిచింది. "గీత ముట్టిండు! గెలిచినం!"

మైదానం దద్దరిల్లింది. కుర్రాళ్లు గోడల మీంచి దూకి గీతల్లోకి పరుగెత్తారు. ఎవరో డప్పు కొట్టడం మొదలుపెట్టారు.

రెఫరీ ఈల ఊదుతూనే ఉన్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. అఖిలేష్ చెయ్యి గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది. అతను అవుట్. ఇప్పుడు రెండు జట్లూ సమానం.

డప్పు ఆగింది. "అరే, ఏం చెప్తున్నరు మైకుల!" అని ఒక పక్కనుంచి కేక. సంగారెడ్డి వాళ్ల వైపు నుంచి ఈలలు. సుష్మ మొహం పాలిపోయింది. మహాదేవమ్మ లేవబోయింది, వెళ్లి కూతుర్ని తీసుకొచ్చేద్దామని. నేను చెయ్యి వదల్లేదు. వికాస్ కూడా మైకు అందుకోవడానికి ఒక అడుగు ముందుకు వేశాడు.

భవాని మైకు ఇవ్వలేదు. దాన్ని నోటికి కాస్త దూరంగా పట్టుకుంది.

"నేను తప్పు చెప్పిన," అంది. ఆగింది. జనం కూడా ఆగారు. "ముట్టలే. దూరమున్నడు. నాకు గెలువాలని ఉండె. గందుకే చెప్పిన." ఇంకాస్త ఆగింది. "సారీ. ఆట ఇంకా ఉంది. అందరు కూసోండ్రి."

ముందు సంగారెడ్డి జట్టు కుర్రాళ్లే చప్పట్లు కొట్టారు. తర్వాత నవ్వులు, ఈలలు, చప్పట్లు అన్నీ కలిసిపోయాయి. గీతల్లోకి వచ్చినవాళ్లు నిజంగానే వెళ్లి కూర్చున్నారు.

ఆఖరి కూత సంగారెడ్డిది. సుష్మ మళ్లీ అందుకుంది. "వచ్చిండు, లోపలికి వచ్చిండు, కుడి దిక్కు కాలు విసిరిండు, మనోడు చీలమండ పట్టిండు, ఇంకొకడు నడుము పట్టిండు, గుంజుతున్నడు, గీత దిక్కు గుంజుతున్నడు..."

మనుషుల కుప్ప. దుమ్ము. ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియదు. జనమంతా ఆట వదిలేసి భవాని వైపు చూశారు.

"ఆగుండ్రి," అంది భవాని. "నేను చెప్ప. ఆయన చెప్పాలె."

ఆ ఉద్రిక్తతలోనూ జనం పగలబడి నవ్వారు. రెఫరీ కుప్ప చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. లేచి, మా వాళ్ల వైపు చెయ్యి ఎత్తాడు.

"ఇప్పుడు చెప్త!" భవాని గెంతుతోంది. "గెలిచినం! గెలిచినం! గెలిచినం!"

ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నాకు వినిపించలేదు. గురులింగప్ప ముక్కూమొహం తెలియని కుర్రాడెవరినో కావలించుకుని ఉన్నాడు. మహాదేవమ్మ నా చెయ్యి వదిలేసి రెండు చేతులతో చప్పట్లు కొడుతోంది.

మర్నాడు మధ్యాహ్నం నేను వాకిలి ఊడుస్తుంటే భవాని కాలేజీ నుంచి వచ్చింది. వీధి మొదట్నుంచే అరుపు.

"అవ్వా! నాకు మార్కులు కోసిన్రు!"

మహాదేవమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చింది. "ఎందుకు కోసిన్రు? ఏం మనుషులే వాళ్లు? గంత మంచిగ చెప్పినవు గద! దేవరాజ్ సారే కోసిండా? ఉండు, మీ అప్పకు ఫోన్ చేస్త!"

"కాదు అవ్వా! నేను తప్పు చెప్పిన గద. రెఫరీ కన్న ముందు చెప్పిన. రెండు మార్కులు కోసిండు." భవాని మొహం వెలిగిపోతోంది. "వికాస్‌కు మూడు కోసిండు! ఊపిరి తీసుకుంటలేడని! సుష్మకు కూడ కోసిండు. అందరికి కోసిండు, నాక్కూడ కోసిండు!"

మహాదేవమ్మ నా వైపు చూసింది. అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇన్నేళ్లలో ఈ పిల్ల చేసిన పనిని చూసి, ఇక్కడ బాగుంది, ఇక్కడ బాగాలేదు అని చెప్పిన మనిషి ఎవరు? ఆమె పిండి చేతులతోనే కూతురి మొహం పట్టుకుని, "ఇంకోసారి ఒక్క మార్కు కూడ కోయనియ్యకు" అంది.

"కోస్తరు," అంది భవాని ధీమాగా. "నేను ఇంకా నేర్చుకుంటున్న."

మార్చిలో మొగుడంపల్లి వాళ్లు ఆటలపోటీలకు జోడీ కావాలని కబురు పెట్టారు. వికాస్‌నూ పిలిచారు. ముగ్గురూ వెళ్లారు. అన్నీ సాఫీగా జరిగిపోయాయని కాదు. ఆ సెమిస్టరు చివరి పరీక్షలో భవాని సగం మరిచిపోయింది. వేసవిలో ఆ పరీక్ష మళ్లీ నోటితో చెప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ కొందరు ఆమెతో మాట్లాడరు, ఆమె పక్కనున్నవాళ్లతో మాట్లాడతారు. "ఈమె చాయ్ తాగుతదా?" అని ఒక పెద్దమనిషి సుష్మను అడిగితే, "ఈమె తాగుతది. చక్కెర ఎక్కువ" అని భవానే జవాబు చెప్పింది.

ఇప్పుడు ఆమె రెండో ఏడాది. మొన్న హైదరాబాద్‌లో జరిగే విశ్వవిద్యాలయ యువజనోత్సవానికి కాలేజీ బస్సు బయలుదేరింది. వ్యాఖ్యాన పోటీలో భవాని, సుష్మ జంటగా పాల్గొంటున్నారు. ఉదయం గేటు దగ్గర నేనూ ఉన్నాను. అందరికన్నా ముందు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నది భవాని కాదు, మహాదేవమ్మ. ఒళ్లో పెద్ద టిఫిన్ క్యారియరు.

భవాని ఎక్కి, తల్లిని చూసి ఆగిపోయింది.

"నువ్వెక్కడికి అవ్వా?"

"నీ తోని బిడ్డా. అంత పెద్ద పట్నం, నిన్నొక్కదాన్ని ఎట్ల పంపాలె?"

భవాని బస్సు మొత్తం ఒకసారి కలియజూసింది. ముందు సీట్లో సుష్మ, వెనక వికాస్, ఇంకా బోలెడంత మంది. నెమ్మదిగా, ఒక్కో మాటా ఆగి ఆగి అంది. "సుష్మ అవ్వ రాలే. వికాస్ అవ్వ రాలే. ఎవరి అవ్వ రాలే. నువ్వు దిగు."

బస్సులో ఎవరూ నవ్వలేదు. దేవరాజ్ సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. మహాదేవమ్మ లేచి, తడబడుతూ మెట్లు దిగింది. బస్సు కదిలింది. అది గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాకే ఆమెకు తెలిసింది, టిఫిన్ క్యారియరు తన చేతిలోనే ఉండిపోయిందని.

"ఆపుండ్రి! ఓ డ్రైవర్ సాబ్, జర ఆపుండ్రి!" అంటూ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రోడ్డు మీద పరుగు తీసింది. బస్సు నెమ్మదించింది. కిటికీలోంచి భవాని చేతులు బయటికి చాచింది. వెనక సీట్లోంచి వికాస్ గొంతు, ముందు సీట్లోంచి సుష్మ గొంతు ఒకేసారి లేచాయి. "వచ్చింది, వచ్చింది, అమ్మ దగ్గరికొచ్చింది, క్యారియర్ ఎత్తింది..."

"అందింది!" అని అరిచింది భవాని.